గేటు దగ్గరి బేరం

"చెయ్యి తిప్పు. ఇటు కాదు, అటు. ఈ గోళ్ళతోని ఏం తవ్వుతున్నవురా, బాయి తవ్వుతున్నవా?"

ఆరో తరగతి పిల్లవాడు నవ్వు ఆపుకుంటూ చేతులు వెనక్కి దాచుకున్నాడు. రేపు కత్తిరించుకొస్తానన్నాడు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయినప్పుడే కత్తిరించుకోవాలంది సత్యభామ. సాయంత్రం, అన్నాడు వాడు.

"మధ్యాహ్నమే. బొటనవేలిది మాత్రం సాయంత్రం దాంక ఉంచుకో, పో."

వాడు గెలిచినవాడిలా లోపలికి పరుగెత్తాడు. మెట్ల మీద పరుగెత్తకూడదని వెనక నుంచి ఒక కేక పెట్టి, ఆమె తర్వాతి చేతులు పట్టుకుంది.

గేటు ఒక రెక్క మూసి, రెండో రెక్కకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడటం ఆమె పద్ధతి. మనిషి పొట్టి. ఆ చేతికింద నుంచి దూరాలంటే ఆరో తరగతి వాళ్ళు తల వంచితే చాలు, ఎనిమిదో తరగతి వాళ్ళు నడుం వంచాలి. పొద్దున్నే బడి బడంతా తనకు దండం పెట్టి లోపలికి పోతుందని ఇంట్లో కోడలి దగ్గర గొప్పలు పోతుంది. ముక్కుకు రెండు పక్కలా తెల్లరాళ్ళ పుడకలు, చీలమండలకు జానెడు పైన ఆగిపోయే నీలం చీర, నడుముకు దోపిన తాళాల గుత్తి. ఆ గుత్తికి తాళాలకంటే పిన్నీసులే ఎక్కువ. గుండీ ఊడిన చొక్కాకొకటి, కుట్టు విడిన పావడాకొకటి ఇస్తూ పోతుంది. కుడి భుజం ఎడమ దానికంటే కాస్త కిందికి జారి ఉంటుంది. ఇన్నేళ్ళూ ఆ ఇనుప రెక్క తోసీ తోసీ అట్లా అయిందని ఆమె నమ్మకం, కాదన్నవాళ్ళతో దెబ్బలాడుతుంది.

రాయచూరు బజారు వెనక సందులో, ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులున్న బడి అది. గేటు పక్క గోడ మీద కన్నడంలో పెద్ద బోర్డు ఉంది. గంట కొట్టాక వచ్చినవాళ్ళు మొదటి పీరియడు అయ్యేదాకా బయటే ఉండాలి, రిబ్బన్లు ఇట్లా, బూట్లు అట్లా, వరండాలో వరసగా నడవాలి, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదు. బోర్డు మీద ఉన్నవన్నీ సత్యభామకు కంఠతా వచ్చు. కాకపోతే ఆమె లెక్క వేరు. అంగడిలో సరుకు మీద చీటీ అంటించినట్టు, బోర్డు మీద రాసింది ధర. ధర అన్నాక తగ్గాలి. తగ్గించమని అడగనివాడు బుద్ధిలేనివాడు, అడగ్గానే తగ్గించేవాడు ఇంకా బుద్ధిలేనివాడు.

ఆ రెండో రకం మనిషితోనే ఆమె కాపురం చేసింది. ఆమె పుట్టిల్లు బట్టల అంగడి, మెట్టినిల్లు గాజుల అంగడి. భర్త గురురాజ్ దేవుడిలాంటివాడు, అదే వచ్చిన చిక్కు. ఆడవాళ్ళు గాజులు తొడుక్కుని మొహం ముడిస్తే చాలు, సగానికి ఇచ్చేవాడు. ఇచ్చినా మళ్ళీ వచ్చేవాళ్ళు కారు. సగానికి ఇచ్చాడంటే అసలు సరుకులోనే ఏదో మోసముందని పక్క అంగడికి పోయేవాళ్ళు. అంగడి మూతపడింది, ఆయన పోయాడు, సత్యభామ ఈ గేటు దగ్గరికొచ్చి నిలబడింది. గాజులు అమ్మినా గోళ్ళు చూసినా పని ఒకటేనని త్వరలోనే తెలుసుకుంది. బేరమాడినవాడు మాట మీద ఉంటాడు. తాను తెంచుకున్న ధర కనుక, మొహం మాడ్చుకోకుండా చెల్లిస్తాడు.

గంట కొట్టారు. లోపల ప్రార్థన మొదలైంది. అప్పుడు సందు మలుపులో ధనశ్రీ కనబడింది. ఏడో తరగతి. బ్యాగు ఒక భుజానికే, ఒక రిబ్బను ఊడి చేతిలో, లంగా మీద పిండి మరకలు. తండ్రి కిరాణా అంగడి ఆ పిల్లే తెరవాలి. ఊడ్చి, నీళ్ళు చల్లి, దీపం పెట్టి, పాల ప్యాకెట్లు సర్దేసరికి గంట కొట్టేస్తారు. ఆడపిల్లకు ఇంత చదువు చాలు, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే ఒక మనిషి జీతం మిగులుతుందని తండ్రి అప్పుడప్పుడూ అంటుంటాడు.

"ఎంత?" అంది ధనశ్రీ రొప్పుతూ. ఆలస్యమైన వాళ్ళందరూ అడిగేది అదే.

"మొదటి పీరియడంత ఈడ్నే."

"అబ్బ, ఆయమ్మా, గంత ధర ఎవరు పెడతరు? ప్రార్థన అయ్యేదాంక నిలబడత."

"ప్రార్థన ఐపోవచ్చింది. నీకు ఊరికే ఇచ్చినట్టైతది. మెట్లన్నీ ఊడువు."

"సగం మెట్లు."

"మిగిలిన సగం మీ నాయన ఊడుస్తడా?"

ధనశ్రీ ఆలోచించింది. "అన్నీ ఊడుస్త. రిబ్బను నువ్వు కట్టాలె."

"బేరం తెగింది. ఇటు తిరుగు."

జడ బిగించి కడుతుంటే సత్యభామ వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. ఇవాళే ఆఖరు. అరవై నిండాయి, బడి నియమం ప్రకారం రేపటి నుంచి రానక్కర్లేదు. ఈ సంగతి పిల్లలకు చెప్పవద్దని హెడ్‌మేడం దగ్గర మాట తీసుకుంది. ఏడుపులు ఆమెకు గిట్టవు. ఇంటికి పోతే ఏం చేయాలో కూడా ఆమెకు తెలియదు. కొడుకు పొద్దున పోతే రాత్రికి వస్తాడు. కోడలు బంగారం లాంటి పిల్లే, కాని ఉప్పు దగ్గర నుంచి చీరల దాకా అన్నీ ఫోన్లోనే కొంటుంది. ఫోనుతో ఎవరైనా బేరమాడతారా.

ఇదంతా పక్కనే నిలబడి చూస్తున్న మనిషి పేరు యంకమ్మ. రేపటి నుంచి గేటు ఆమెది. గబ్బూరు దిక్కు రైతుల ఇంటి మనిషి, నలభై దాటినది, పొడుగాటి బలమైన మనిషి. వారం నుంచి సత్యభామ వెంటే తిరుగుతోంది కాని, ఆ వారంలో మాట్లాడినవన్నీ కలిపితే ఒక పూట మాటలు కావు.

ప్రార్థన అయ్యాక హెడ్‌మేడం గేటు దాకా వచ్చింది. చేతిలో కొత్త తాళం ఉంది.

"సత్యమ్మా, నీ బేరాలన్నీ ఇన్నేళ్ళు చూసీ చూడనట్టు పోయిన. నువ్వున్నవు గనక నడిచింది. ఈమె నోట్ల మాట లేదు. పిల్లలు ఈమెతోని ఆడుకుంటరు. రేపట్నుంచి గంట కొట్టంగనె గేటుకు తాళం."

"తాళం వేస్తె ధనశ్రీ తిరిగి ఇంటికి పోతది మేడం. పోయిన పిల్లను వాళ్ళ నాయన మళ్ళ పంపడు."

"నాకు తెల్వదా? అయితె ఈమెకు నేర్పియ్యి. సాయంత్రం దాంక ఉన్నవు గదా."

సత్యభామ నడుం బిగించింది. ఒక్క పూటలో బేరం నేర్పాలి. బేరం వాళ్ళ ఇళ్ళలో పాలతోపాటు తాగించేది, ఇట్లా పాఠంలాగా ఎవరైనా చెప్పగా ఆమె వినలేదు. అయినా చెప్పింది. ముందు ఎక్కువ చెప్పాలి, మొహంలో నవ్వు రానివ్వకూడదు, ఆఖరికి పిల్లవాడే గెలవాలి కాని ఆ గెలుపు కష్టపడి గెలవాలి. యంకమ్మ అన్నిటికీ తల ఊపింది. మధ్యాహ్నం అన్నాలకు ఇళ్ళకు పోయిన పిల్లలు తిరిగొచ్చే వేళ ఆమెనొక్కదాన్నే గేటు దగ్గర నిలబెట్టి, సత్యభామ నీళ్ళ తొట్టి చాటున నిలబడి చెవులు రిక్కించింది.

గంట కొట్టాక వచ్చినవాడు అర్జున్. ఎనిమిదో తరగతి, బజారులో పేరున్న పాత్రల అంగడివాళ్ళ పిల్లవాడు, బేరంలో సత్యభామకు సమ ఉజ్జీ. చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ఎంత, యంకమ్మక్కా?"

యంకమ్మ వాడి వంక చూసింది. చెమటలు పట్టిన మొహం చూసింది. "పో, లోపటికి పో," అంది.

అర్జున్ కదల్లేదు. "ఊరికేనా?"

"ఊరికే. పో బిడ్డా."

వాడు రెండడుగులు వేసి, వెనక్కి చూసి, మళ్ళీ రెండడుగులు వేసి, పరీక్ష పేపరు మధ్యలో లాక్కున్నట్టు మొహం పెట్టి లోపలికి పోయాడు. చాటున సత్యభామ నెత్తి కొట్టుకుంది. గురురాజే మళ్ళీ పుట్టి గేటు దగ్గర నిలబడ్డాడనిపించింది.

కథ అక్కడ ఆగలేదు. ఆటల పీరియడులో ధనశ్రీ వచ్చి అర్జున్ మీద పడింది. తాను మెట్లన్నీ ఊడిస్తే, వీడు నవాబు కొడుకులాగా ఊరికే ఎట్లా పోయాడు? అర్జున్ తానేం అడగలేదన్నాడు. అడగకుండా పుచ్చుకుంటే ఇంకా సిగ్గులేదంది ధనశ్రీ. ఇద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. చివరికి సత్యభామ మధ్యలో దూరి, అర్జున్ చేత కుళాయి దగ్గర పాకుడు గీకిస్తానని ధనశ్రీని ఒప్పించింది. వాడు సంతోషంగా సగం కుళాయికి తగ్గించుకున్నాడు, అప్పుడు గాని మొహం తేటపడలేదు.

"చూసినవా?" అంది సత్యభామ, పిల్లలు పోయాక. "ఊరికే ఇస్తే కొట్లాటలైతయి. ఒక్క మాటన్న అనొద్దా? కనీసం మూతి అన్న తిప్పొద్దా?"

"నాకు నోరు రాదక్కా," అంది యంకమ్మ. సిగ్గుపడలేదు, బాధపడలేదు, ఉన్నమాట చెప్పింది. సత్యభామకు కోపం రాలేదు గాని ఆశ పోయింది. తాళం ఖాయం, ధనశ్రీ పెట్టె దగ్గర కూర్చోవడం ఖాయం. ఆమె సాయంత్రం గంట దాకా ఎవరి గోళ్ళూ చూడలేదు.

సాయంత్రం గంట కొట్టారు. తరగతులు వరసగా బయటికొస్తుంటే, చెప్పవద్దని మాట తీసుకున్నా సరే హెడ్‌మేడం చామంతి దండ పట్టుకుని గేటు దగ్గరికి రానే వచ్చింది. దండ మెడలో పడగానే పిల్లలకు అంతా అర్థమైపోయింది. వరస చెదిరింది. పిల్లలు ఆమె చుట్టూ మూగారు. సత్యభామకు ఏం చేయాలో తోచక, వాళ్ళలో ఒకడి కాలర్ సర్దింది.

"సరే మరి, పోయొస్త," అని సంచి భుజానికి తగిలించుకుంది.

యంకమ్మ గేటు రెండు రెక్కలూ మూసి గొళ్ళెం పెట్టింది.

"జరుగు యంకమ్మా, పొద్దు పోతున్నది."

యంకమ్మ జరగలేదు. సత్యభామ కుడిచెయ్యి పట్టుకుంది, తన కొంగు తీసి రెండు చేతుల మీదా కప్పింది. "వారానికెన్ని దినాలు వస్తవు?" అంది. ఆ తర్వాత నోరు తెరవలేదు.

సత్యభామ నివ్వెరపోయింది. యంకమ్మ తండ్రి సేద్యంతోపాటు పశువుల సంతల్లో బేరాలు కుదిర్చే దళారి పని కూడా చేసేవాడు. సంతలో ఎద్దు ధర ఎవరూ పైకి చెప్పరు. తువ్వాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని, ఎన్ని వేళ్ళు పడితే అంత అని తేల్చుకుంటారు, పక్కన నిలబడ్డవాడికి ఒక్క ముక్క తెలియదు. రాయచూరులో పుట్టినవాళ్ళు దాన్ని చూడకుండా పెరగరు, సత్యభామకు మాత్రం అట్లా చెయ్యి కలిపే అవసరం ఎప్పుడూ రాలేదు.

కొంగు కింద యంకమ్మ అయిదు వేళ్ళూ పట్టి, పైన మరొకటి నొక్కింది. బడి నడిచే రోజులన్నీ. సత్యభామకు నవ్వొచ్చింది. చెయ్యి విదిలించుకుని చిటికెన వేలు ఒక్కటి ఇచ్చింది. యంకమ్మ దాన్ని ముట్టుకోలేదు, నాలుగు పట్టింది.

"ఏందే, నాకు ఇల్లూ వాకిలీ లేవా? మోకాళ్ళ నొప్పులు, కోడలు ఒక్కతే..." అలవాటు కొద్దీ సత్యభామ మొదలుపెట్టింది. యంకమ్మ సందు వైపు చూస్తోంది, వింటున్నట్టే లేదు. ఎంత నోరున్నా ఇక్కడ పనికిరాలేదు. కొంగు కింద ఆ గరుకు చెయ్యి మూడు వేళ్ళు పట్టుకుంది. సత్యభామ గుంజింది. చెయ్యి వదల్లేదు. తన కోసం ఇంత గట్టిగా బేరమాడిన మనిషి ఈ బతుకులో ఒక్కరూ లేరని ఆమెకు అప్పుడు తట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం మాత్రం అంగడివాళ్ళ మొహంలాగే పెట్టుకుంది.

ఆమె ఒక వేలు మడిచింది. రెండు మిగిలాయి. యంకమ్మ ఆ రెంటినీ గట్టిగా నొక్కి కొంగు తీసేసింది. నిజానికి సత్యభామ మూడుకైనా ఒప్పుకునేది. ఆ మాట చచ్చినా బయటికి చెప్పదు.

"ఎంతకు తెగింది? ఆయమ్మా, ఎంతకు?" అర్జున్ ప్రాణం నిలవడం లేదు.

"బయటికి చెప్పరు," అంది యంకమ్మ.

ధనశ్రీ గుంపులో నుంచి ముందుకొచ్చి, ఏమీ అడగకుండా తన చెయ్యి యంకమ్మ కొంగు కింద దూర్చింది. రేపు ఆలస్యమైతే ఎంత అని. కొంగు కింద ఏదో జరిగింది. ధనశ్రీ గుంజింది, యంకమ్మ నొక్కింది, ధనశ్రీ మళ్ళీ గుంజింది.

"గన్ని మెట్లా?" అంది ధనశ్రీ చివరికి, పళ్ళన్నీ బయటపెట్టి.

పిల్లలందరూ ఒక్కసారిగా చేతులు చాపి యంకమ్మ మీద పడ్డారు. హెడ్‌మేడం నవ్వుతూ తాళాన్ని చేతిసంచిలో వేసుకుంది. దాన్ని ఎండాకాలం సెలవులకు వాడుకుందామంది.

సత్యభామ గొళ్ళెం తీసి గేటు దాటబోయింది. వెనక నుంచి యంకమ్మ గొంతు వినబడింది.

"అక్కా, బయానా?"

బేరం తెగాక మాట తప్పనన్న గుర్తుగా బయానా ఇవ్వకుండా పోవడం ఆమె పుట్టింటి వంశంలో లేదు. సంచిలో చెయ్యి పెట్టి వెతికి, మధ్యాహ్నం పెరుగన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బా తీసి యంకమ్మ చేతిలో పెట్టింది. చామంతి దండతోనే సందులోకి నడిచింది. మలుపు దగ్గర కూరగాయల బండివాడిని ఆపి, వంకాయలు ఎట్లా ఇస్తున్నావని గట్టిగా దబాయిస్తున్న గొంతు గేటు దాకా వినబడింది.

పిల్లలు పోయాక యంకమ్మ ఆ డబ్బాను కుళాయి దగ్గర కడిగి, గేటు పక్క కిటికీలో బోర్లించింది. మూత మీద చుక్కల అక్షరాలతో చెక్కిన సత్యభామ పేరులో ఇంకా నీళ్ళు నిలిచి ఉన్నాయి.