పేరు కప్పిన స్లైడు

మా పెద్ద డాక్టరుగారికి జాలి అంటే గిట్టదు. రోగి పేరు చూస్తే మనసు మెత్తబడుతుందని, అప్పుడు మైక్రోస్కోపులో ఉన్నది ఉన్నట్టు కనబడదని ఆయన వాదన. అందుకే లాలాజల గ్రంథుల క్యాన్సర్ల మీద ఆయన మొదలుపెట్టిన పరిశోధనలో పాత స్లైడులన్నిటి మీదా పేర్లు కప్పించి, అంకెలు వేయించారు. ఏ అంకె ఎవరిదో టెక్నీషియన్ రాసి ఇచ్చిన కవరు నా సొరుగులో ఉంది. కణజాలం చూసి రోగి గతి ఏమిటో ముందు ఆయన చెప్పాలి, నిజంగా ఏమైందో తర్వాత సరిచూడాలి. నేను ఆయన అసిస్టెంటును. నాలుగేళ్ళుగా నా ఉద్యోగంలో సగం చివాట్లు తినడమే.

డెబ్బై మూడో స్లైడు దగ్గర ఆయన ఆగారు.

"ఈ రకంలో కణాలు జల్లెడలా కన్నాలు కన్నాలుగా ఉంటే కొంత నయం. ఇక్కడ కన్నాలేవీ? సగానికి పైగా గట్టి ముద్దలే. నరాన్ని ఎలా చుట్టుకుందో చూడు. పాత రిపోర్టులో ఏం ఏడ్చాడు?"

పేరూ సంతకమూ లేని నకలు చూసి చెప్పాను. "తీవ్రత తక్కువ అని రాశారు సార్. ఆపరేషన్ చాలు, రేడియేషన్ అక్కర్లేదన్నారు. ఆరేళ్ళయింది, మనిషి బాగానే ఉన్నారు."

"రాసినవాడెవడో కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చుంటాడు," అని నవ్వారు. "ఇది ఎన్నేళ్ళకైనా ఊపిరితిత్తుల్లో తేలొచ్చు. వెంటనే స్కాన్ తీయించాలి. కవరు విప్పి పేరు చూసి ఫోను కలుపు, నేనే మాట్లాడతా. నీలా నీళ్ళు నమిలితే కుదరదు."

విప్పాను. డెబ్బై మూడుకు ఎదురుగా ఆయన భార్య పేరుంది. రిపోర్టు రాసినది ఆయనే. అప్పట్లో ఇక్కడ స్లైడులు చూసే డాక్టరు ఆయనొక్కరే.

నోరు విప్పి చెప్పాల్సింది. చెప్పలేదు. నాలుగేళ్ళ కసి కూడా కొంత ఉందేమో, కాదనను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. టేబులు మీది ఫోనులో ఆవిడ నంబరు నొక్కి రిసీవరు ఆయన చేతికిచ్చాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. "నమస్కారమండీ, ఆసుపత్రి ల్యాబు నుంచి. ఆరేళ్ళ కిందట మీకు చెవి కింద గడ్డ తీశారు కదా, అప్పటి రిపోర్టు తప్పు."

అవతలి గొంతు నాకూ వినబడింది. "ఏంటండీ, నాతో కూడా అండీ గిండీ? అందులో భయమేం లేదని మీరేగా చెప్పింది."

ఆయన నా చేతిలోని కాగితం లాక్కుని డెబ్బై మూడుకు ఎదురుగా ఉన్న పేరు చదివారు. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

"రేపు స్కాన్‌కి వెళ్దాం," అన్నారు.

"సరే. మళ్ళీ మీరే చూస్తారుగా?"

"లేదు. నువ్వెవరో తెలియనివాళ్ళు చూస్తారు."