ఈరమ్మ శోకం

రెండు గంటల పది నిమిషాల సినిమాలో లింగస్వామికి కావాల్సింది నలభై రెండు సెకన్లు. మిగతాదంతా ఎవరికి కావాలంటే వాళ్లు ఉంచుకోవచ్చు.

ఇరవై ఏండ్ల కింద నల్లగొండ దిక్కు వాళ్ల ఊళ్లో పట్టాభి అనే డైరెక్టర్ ఒక చిన్న సినిమా తీశాడు. బర్రె చచ్చిపోతే ముసలామె ఏడ్చే సీను ఉందని, వాకిట్లో కూచున్న లింగస్వామి తల్లి ఈరమ్మను పిలిచి జర ఏడువమన్నాడు. ఆమె బర్రె నిజంగానే చచ్చి అప్పటికి పన్నెండు రోజులు. ఈరమ్మ నటించమన్న సంగతి మరిచిపోయింది. మనిషి పోతే పెట్టినట్టే మాటలు కట్టి శోకం పెట్టింది. ఆమె ముఖం మీదికి వెలుగు పడేటట్టు తెల్ల థర్మకోల్ అట్ట పట్టుకుని నిలబడ్డది లింగస్వామే.

ఆ సినిమా థియేటర్ ముఖం చూడలేదు, డిస్కుగా వచ్చింది. ఊరోళ్లంతా ఒక ఇంట్లో చేరి పెట్టుకున్నారు. తెర మీద ఈరమ్మ నోరు తెరిచింది. అందులోంచి ఎవడో మిమిక్రీ వాడి కీచుగొంతు వచ్చింది, వెనకాల కోడిపుంజు కూతలు. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. ఈరమ్మ లేచిపోయి గిన్నెలు తోముకుంది. ఆ తర్వాత ఆమె ఎవరి కోసమూ గొంతెత్తి ఏడ్వలేదు. మొగుడు పోయిననాడు కూడా కొంగు నోట్లో కుక్కుకుని కూచుంది. మొగుని మీద శోకం పెట్టని ఆడదని వాడకట్టంతా చెవులు కొరుక్కున్నారు.

పోయినేడు ఆమే పోయింది. దశదినకర్మ నాడు భోజనాలయ్యాక లింగస్వామి మేనల్లుడు అభిలాష్ ఫోన్‌లో ఆ సినిమా ముక్కే పెట్టి అందరికీ తిప్పి చూపిస్తే, ఆమె పేరు మీద తిన్న నోళ్లే నవ్వాయి. వచ్చే నెల సంవత్సరీకానికి పట్నంలో, మీర్‌పేట్‌లోని లింగస్వామి ఇంటికి వచ్చేది మళ్లీ వాళ్లే. ఈసారి చూపించేది తనే అనుకున్నాడతను.

ముందు పట్టాభి దగ్గరికి పోయాడు. ఆయనిప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో, బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో యాక్టింగ్ నేర్పుతున్నాడు. అప్పుడు పట్టుకున్న అసలు గొంతు ఏమన్నా ఉందా అని అడిగితే, టేపులు ఎప్పుడో పోయాయన్నాడు.

"అయినా లింగస్వామిగారూ, ఆ కామెడీ వల్లే కదండీ మీ అమ్మగారు జనానికి గుర్తున్నారు. ఉత్త ఏడుపు ఎవరు చూస్తారు చెప్పండి?"

"నేను చూస్తా" అని మెట్లు దిగాడు.

లింగస్వామి చదివింది ఏడో తరగతి. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుని బతికేవాడు. డిస్కు పట్టే పాత కంప్యూటరొకటి సంపాదించి, సినిమాను అందులోకి దింపుకుని, కోసి అతికే సాఫ్ట్‌వేర్ల మీద పడ్డాడు. మిక్సీ విప్పినట్టే ఒక్కొక్కదాన్నీ విప్పి చూశాడు.

మొదటిది నెలనెలా డబ్బు కడితేనే తెరుచుకుంటుంది. నా ఇంట్లో నా తల్లిని చూడ్డానికి వాడి పర్మిషనేంది అని తీసిపారేశాడు. రెండోది గొంతునూ మోతనూ విడదీస్తుందట. నిజంగానే విడదీసింది. కోడిపుంజు పోయి మిమిక్రీ వాడి గొంతు అద్దంలా మిగిలింది. దాని కింద ఈరమ్మ గొంతు పోగు కూడా లేదు. ఇన్నేండ్లూ ఆ డిస్కులో అమ్మ గొంతు అడుగున ఎక్కడో ఉండే ఉంటుందని అతని ఆశ. ఆ రోజు అన్నం తినలేదు.

మూడోది చూడముచ్చటగా ఉంది, ఉచితం. పదకొండు రోజులు కూచుని ముందూ వెనకా కోసి, పాత మోతంతా తీసేసి, ఆఖరికి సేవ్ కొట్టాడు. తీరా చూస్తే కంపెనీ పేరు తెల్లటి అక్షరాలతో సరిగ్గా ఈరమ్మ నొసటి మీద కూచుంది.

నాలుగోది బూడిద రంగు, అంతా ఇంగ్లిషు. అభిలాష్ చూసి గిదేం డొక్కు సాఫ్ట్‌వేర్ మామా అని నవ్వాడు.

"రంగుల్లేకుంటే లేకపాయె. నా తల్లి నొసటి మీద దీని పేరు రాస్తలేదు" అన్నాడు లింగస్వామి. అదే ఖాయం చేసి, పనంతా మళ్లీ మొదటి నుంచి చేశాడు.

ఇక గొంతు కావాలి. భార్య మణెమ్మను అడిగితే దండం పెట్టింది. చావు లేని ఇంట్లో ఆడది శోకం పెడితే అరిష్టం, తన వల్ల కాదంది. మాటలు లింగస్వామికి ఒక్కటీ పోకుండా గుర్తే. కాని మొగవాడు శోకం పెట్టడం వాళ్ల కులంలో, ఊళ్లో ఎవరూ ఎరగరు.

ఆదివారం పగటిపూట కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, బయటి మోత పడకుండా మైకుతో సహా దుప్పటి కప్పుకుని మొదలుపెట్టాడు. "పొద్దుగూకె నా లచ్చిమీ... ఎవ్వలికి పెట్టాలె కుడితీ... గుంజ అడుగుతున్నదే నువ్వేదనీ..." నాలుగో మాట కాకముందే తలుపులు దబదబ మోగాయి. తీస్తే మెట్ల నిండా జనం. ముందర కింది ఇంటి రాములమ్మ, అప్పటికే కొప్పు విప్పుకుని, పట్టుకుని ఏడ్వడానికి రెండు చేతులూ చాచి ఉంది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

దుప్పట్లో చెమటలు కక్కుతున్న లింగస్వామి, "బర్రె" అన్నాడు.

"ఏం బర్రె? ఎప్పుడు?"

"ఇరవై ఏండ్లాయె."

సంగతి తెలిశాక రాములమ్మ చాచిన చేతులు నడుముకు పెట్టుకుంది. "మొగోనివి, శోకం పెడుతవా? సిగ్గులేదా నీకు?"

"మా అమ్మ సిగ్గుపడ్డది సాలు పెద్దమ్మా. ఇంక నాలుగు మాటలున్నయి. వింటే కూసోండ్రి, లేకుంటే పోండ్రి."

కొందరు పోయారు. రాములమ్మ గడప మీద కూచుంది. తలుపు తెరిచే ఉంచి, దుప్పటి పక్కన పారేసి, లింగస్వామి మొదటి నుంచీ పెట్టాడు.

సంవత్సరీకం నాడు భోజనాలు కాగానే టీవీకి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. అలవాటు కొద్దీ ముందే నవ్వడానికి తెరుచుకున్న మూతులు, బొంగురు మొగగొంతు మొదలవగానే మూతపడ్డాయి. ఒకచోట పెదాలకూ మాటకూ పొంతన కుదరలేదు. ఆఖరున నల్లటి తెర మీద, ఆ సినిమాలో ఎక్కడా వేయని పేరు వచ్చింది: ఈరమ్మ.

అభిలాష్ గొంతు సవరించుకున్నాడు.

"మామా, అమ్మమ్మకు మొగగొంతు సెట్ అయితలేదు. ఆడగొంతు తయారుచేసే సాఫ్ట్‌వేర్లున్నయి, నేను చేసిస్తా."

"ఒకపారి పరాయి గొంతు పెట్టిండ్రు. ఇంక ఒద్దు. అమ్మ మాటలు అమ్మ కొడుకు నోట్లకెల్లే ఒస్తయి."

రిమోట్ అందుకుని మళ్లీ మొదటికి తెచ్చాడు. ఈసారి కిటికీలన్నీ బార్లా తీసి, సౌండు పూర్తిగా పెంచాడు.