ఏమీ లేని ఒడ్డు

ఉప్పెన నీళ్లొచ్చి మంచినీళ్ల బావిలో ఉప్పు కలిసిన తర్వాత మూడో ఏడు అది. ఆ దీవిలో సముద్రం లోపలికి వంగిన చోట గుల్లలు ఏరుకుని బతికే ఒకాయన ఉండేవాడు. గుల్లలాయన అనేవారు. పిలిస్తే పలకడు. పలకకపోయినా వింటాడు.

ఒకరోజు ఒడ్డున ఏమేం బతుకుతున్నాయో రాసుకోవడానికి రేవుల ఆఫీసు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో రాసుకునే అట్ట ఉంది కాబట్టి అట్టమ్మాయి అన్నారు. రాళ్లవైపు చూపించి అడిగింది.

"ఇక్కడ ఏముంటాయి బాబాయ్ గారూ?"

"ఏమీ లేదమ్మా."

రాసుకుని వెళ్లిపోయింది.

గుల్లలు ఏరేవాళ్ల మాటలో ఏమీ లేదంటే బుట్టలో వేసుకునేది ఏమీ లేదని. దీవిలో అందరికీ తెలిసిన సంగతే. ఆ పిల్లది దీవి కాదు.

నెల తిరక్కుండా పడవ టికెట్ల గది గోడకి కాగితం అంటించారు. గుల్లలాయన మూడో తరగతితో ఆపినవాడు, ఒత్తు కనపడ్డ చోటల్లా ఆగుతాడు. ఆయన రెండో ఒత్తు దగ్గరుండగానే వాళ్లక్క మొత్తం చదివేసింది. రాళ్లవైపు ఒడ్డున జీవం ఏదీ లేదని తేలింది కాబట్టి, పడవల రేవు కట్టడానికి సోమవారం నుంచి అక్కడ బండలు పోస్తారట.

"ఏరా, ఏమీ లేదన్నావా?"

"అన్నాను."

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటావు. ఏడాదికోసారి తెరిచి అన్నది ఇదా?"

గుల్లలు పిల్లలుగా ఉన్నప్పుడు పెరిగేది ఆ రాళ్ల సందు బురదలోనే. ఎదిగాక నీళ్లకి కొట్టుకొచ్చి ఇసుకమేట మీద పడతాయి. అక్కడ బండలు పోస్తే రెండేళ్లలో మేట ఖాళీ. ఆయన బుట్టా ఖాళీ, అక్క బుట్టా ఖాళీ. ఇద్దరికీ వేరే పని రాదు.

ఇద్దరూ ఆఫీసుకి వెళ్లారు. కుంటి బల్ల కాలి కింద మడిచిన కాగితం పెట్టి, అట్టమ్మాయి దానిమీద రాసుకుంటోంది. అక్క సంగతంతా చెప్పింది. తమ్ముడు పక్కన నిలబడ్డాడు, అది ఆయన వంతు.

"అయ్యో, నాకేం తెలుసు పెద్దమ్మా. సరే, మళ్లీ రాస్తాను. కానీ పేరు లేనిది లెక్కలోకి రాదు. ఒక్కొక్కదాని పేరూ, అదేం చేస్తుందో చెప్పాలి. ఎన్నున్నాయో నేను లెక్కేస్తాను."

పోటు తగ్గాక ముగ్గురూ రాళ్లలోకి దిగారు. అసలు చిక్కు అక్కడొచ్చింది. బుట్టలోకి రానిదానికి ఆ దీవిలో పేరే లేదు. రాయిని కరుచుకుని తెల్లగా, గట్టిగా ఉన్నదాన్ని చూపించి ఇదేంటని అడిగింది అట్టమ్మాయి. గుల్లలాయన చాలాసేపు చూశాడు.

"ఇల్లరికపుటల్లుడు."

"అదేం పేరు?"

"పట్టుకున్న చోటు వదలడు. తిండి అక్కడికే వస్తుంది."

రాసుకుంది. తర్వాత చిన్న గుంటలో నల్లగా, లావుగా పడుకున్నదొకటి కనపడింది.

"మేనత్త. కాస్త గుచ్చితే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది."

ముట్టుకుంటే ముడుచుకుపోయే ఎర్రపువ్వులాంటిది తోడల్లుడైంది, ఊరికే మనసు కష్టపెట్టుకుంటాడు కాబట్టి. ఇంకొకరి గుల్లలో దూరి తిరిగే ఎండ్రకాయ అద్దె మావయ్య అయింది. అంత మాట్లాడటం ఆయన పెళ్లిలో కూడా ఎవరూ చూడలేదు.

"అందరూ అయ్యారు, మరి నేనేదిరా?" అంది అక్క.

రెండు డెక్కలూ పైకెత్తి నిలబడ్డ పిల్లపీతని చూపించాడు.

"ఎత్తిన చెయ్యి దించదు."

అక్క వంగి చూసింది. "నాకన్నా సన్నగా ఉంది," అంది.

ముప్ఫై ఒక్క పేర్లు అయ్యేసరికి చుట్టాలు అయిపోయారు. చివర్లో ఆయన ఒక రాయి తిప్పి, గోరంత గుల్లల్ని చూపించాడు.

"ఇవేంటి?"

"గుల్లలు."

"మీరు ఏరేవే కదా. మరి ఏమీ లేదన్నారేం?"

"ఇంకా కాలేదు గదమ్మా."

ఆ కాగితం పైఆఫీసుకి వెళ్లింది. చదరపు గజానికి ఇల్లరికపుటల్లుళ్లు నాలుగు వందలు అని చదివి, అక్కడి పెద్దాయన ఒక పూటంతా ఆ కాగితాన్నే తిప్పి తిప్పి చూశాడట. రెండో పూట సంతకం పెట్టాడు. రాళ్లవైపు బండలు వద్దు. రేవు మాత్రం కట్టి తీరాలి, ఏమీ లేని చోటు ఇంకొకటి ఆదివారం లోపు చూపించండి అన్నాడు.

శనివారం అట్టమ్మాయి, గుల్లలాయన ఒడ్డంతా నడిచారు. ఎక్కడ వంగినా ఎవరో ఒక చుట్టం. చివరికి ఆయన తన పడవ దగ్గర ఆగాడు. ముప్ఫై ఏళ్లుగా దాన్ని ఈడ్చి ఈడ్చి అక్కడి రాళ్లు గుండు కొట్టినట్టు నున్నగా అయిపోయాయి. లోతుంది, గాలి మరుగుంది. దీవి మొత్తం మీద పడవ కట్టుకోవడానికి అంత మంచి చోటు లేదు. ఆయన పడవకి ఒక చెయ్యి ఆనించాడు.

"ఇక్కడ ఏమీ లేదు," అన్నాడు.

అట్టమ్మాయి వెంటనే రాయలేదు. "ఏమీ లేదంటే మీ మాటలోనా, మా మాటలోనా?"

"మీ మాటలోనే."

మర్నాడు పొద్దున్నే గుంజ పీకి, పడవని అక్క ఇంటి వెనక మోకాలి లోతు బురదలోకి తోసుకెళ్లాడు. గుంజ పాతబోతూ వంగి కిందకి చూశాడు. అక్కడా ఒక చుట్టం కనపడితే, రెండడుగులు పక్కకి జరిగి పాతాడు.