నాచు గీకని రోజు

ఫరీజ్ మోకాళ్ళ మీద వంగి, ఊటరాతి నెర్రెలోని నాచును ఇనుప గరిటెతో గీకుతున్నాడు. చలి తగ్గగానే కొండ మీద తోటలున్నవాళ్ళంతా చేసే పనే అది. గీకితే నీటిచుక్కలు దారి కట్టి కింది తొట్టిలో పడతాయి. వదిలేస్తే నాచే తాగేస్తుంది. ఆయన తండ్రీ ఇలాగే గీకాడు. గోళ్ళలోని ఆ ఆకుపచ్చ ఏ సబ్బుకూ పోలేదు.

పై నెర్రెలో ఒక్క మొక్కే మిగిలింది. ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లని పొడి, సన్నని కాడ చివర పసుపు పూలు.

"ఆగు మామా!" కొండకు కాపలా ఉండే మేనల్లుడు అవ్వాద్ రొప్పుతూ వచ్చాడు. "ఈ పువ్వు మన సీనాయి కొండల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదంట. దీని పిల్లలు మొలిచేది నువ్వు గీకే నాచులోనేనంట."

"గాడిదలు మేసేస్తున్నాయనుకున్నాన్రా. ముళ్ళకంప కూడా అడ్డం పెట్టాను."

"పాపం, గాడిదల మీద నింద దేనికి?" పక్కనే రొట్టె కాలుస్తున్న భార్య సబ్హా నవ్వింది. "గరిటె పట్టుకున్న గాడిద ఎదురుగానే ఉంటే!"

ఫరీజ్ ముఖం చూసి నవ్వు ఆపేసింది.

ఫరీజ్ నాచుముద్దను అరచేతిలో విప్పాడు. నువ్వుగింజంత మొలక, రెండాకులు. ఆ పువ్వు మొలకేనా? గడ్డి మొలకా? కళ్ళకు ఆనలేదు. ముద్దను మళ్ళీ నెర్రెలో అదిమాడు. జారింది. మళ్ళీ అదిమాడు. తను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఈ రాయంతా పసుపు పూలే ఉండేవని అమ్మ చెప్పేది. వాటిని వెళ్ళగొట్టింది తనా? నాన్నా? నాన్న గీకిన నీళ్ళతోనే కదా తాము బతికింది! తప్పనలేకపోయాడు, ఒప్పనీ అనలేకపోయాడు.

మధ్యాహ్నానికి తొట్టి అడుగు తేలింది. మేకలు తడిరాయిని నాకుతున్నాయి.

"అబూ సలేం," సబ్హా భర్తను కొడుకు పేరుతో, సలేం నాన్నా అని పిలిచింది. "గీకుతావా లేదా? ఇవి నా ముఖంలోకి చూస్తున్నాయి."

"ఏం తోచట్లేదే."

"పువ్వు కోసం మేకల్ని చంపుకుంటామా?"

"చంపుకోం. నీళ్ళున్న చోటికి, కింది లోయకు తోలుకుపోదాం."

"మరి బాదం చెట్లు?"

ఆయన గరిటెను మూటలో దోపి, మూటను గాడిద మీదికెత్తాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తాం?"

"వాన పడితే."

"పడకపోతే?"

మేకలను అదిలించాడు. తోట తలుపును తాడుతో ఊరికే చుట్టాడు, కాయలు పండితే దారిన పోయేవాళ్ళు లోపలికి వెళ్ళి తినేలా. మలుపు దగ్గర వెనక్కి చూశాడు. నీడలో పసుపు ఉందో లేదో తెలియలేదు.

ఊటరాతి పక్కన ఆయన టీ గ్లాసు నేల మీదే ఉండిపోయింది. అడుగున కరగని చక్కెర ఇంకా తడిగానే ఉంది.