కాంటా మీద ఒక్కపొద్దు

మొక్కు మొక్కిన నోరు మూసుకుని ఉండాలంటారు. కృష్ణమ్మది మూతపడే నోరు కాదు. ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో ఎవరింట్లో కూర మాడినా ముందు ఆమెకు తెలిసేది, ఆమె పుణ్యాన మిగతా గల్లీకి తెలిసేది. అలాంటి మనిషి ఈ ఒక్క మొక్కును మాత్రం నెల రోజులు కడుపులో దాచుకోవాలనుకుంది. దాచుకుంది కూడా. కాకపోతే ఎవరికి చెప్పకూడదో సరిగ్గా ఆ ఒక్కడికే చెప్పింది.

మొక్కు పెద్దదేమీ కాదు. కొడుకు ఎల్లేష్ సీజన్ మొదటి రేసులో గెలవాలి. అందుకు తల్లీకొడుకులిద్దరూ రేసు దాకా ఒక్కపొద్దు ఉంటామని మైసమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి చెప్పుకుంది. రోజుకు ఒక్కపూటే తిండి. కొడుకు మొదట గునిశాడు గానీ, తల్లి కళ్లల్లో నీళ్లు చూసి సరేనన్నాడు. మొక్కు బయటికి చెబితే ఫలించదని, షెడ్డులో ఎవరితోనూ అనొద్దని ఒట్టు కూడా వేయించుకుంది.

ఆమెకు ఆ గెలుపు ఎందుకంత కావాలో చెప్పాలంటే విఠల్‌రావు మాట చెప్పాలి. విఠల్‌రావుది హుస్సేనీ ఆలంలో తాతల నాటి ఇల్లు, వంశమంతా గుడి సేవ. ఆయన ఒక్కడికే చిన్నప్పటి నుంచి ఇంజన్ల పిచ్చి. ఉప్పుగూడలో రేకుల షెడ్డు వేసి, మనం రోడ్డు మీద రోజూ చూసే కార్లనే తెచ్చి, లోపల సీట్లూ గీట్లూ పీకేసి, ఇనుప పంజరం బిగించి టూరింగ్ కార్ రేసులకు పంపిస్తాడు. రెండు కార్లు, ఇద్దరు డ్రైవర్లు. ఒకడు తమ్ముడి కొడుకు శ్రీనాథ్. ఇంకొకడు ఎల్లేష్. బతికినన్నాళ్లు సిటీ బస్సు తోలి పోయిన ఎల్లప్ప కొడుకు, నట్లు బిగించే పానాలు అందించడానికి షెడ్డులో చేరి, స్టీరింగ్ దాకా పాకినవాడు.

ఈ ఏడు రెండు కార్లు నడపడం తన వల్ల కాదని విఠల్‌రావు అందరినీ నిలబెట్టి చెప్పాడు. "మొదటి వారం రెండు బండ్లు పోతయ్. ఆదివారం రేసుల ఎవడు ముందొస్తే సీజనంతా వాడే తోల్తడు. నా తమ్ముని కొడుకైనా సరే, ఎల్లప్ప కొడుకైనా సరే. వెనకవడ్డోడు పానా పట్టుకోవాలె."

ముసలాయన మాటంటే మాటే. ఆ సంగతి శ్రీనాథ్‌కు అందరికన్నా బాగా తెలుసు. ప్రాక్టీసులో రోజూ ఎల్లేష్ వెనకే దుమ్ము తింటున్నాడు కనుక, చుట్టరికం కలిసిరాదని కూడా తెలుసు. అయినా మొహాన నవ్వు చెదరనిచ్చేవాడు కాదు. తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ల మొహాలు ఎప్పుడూ కళకళలాడుతూనే ఉంటాయి.

ఒక మధ్యాహ్నం ఎల్లేష్ షెడ్డులో ఉండగా శ్రీనాథ్ కృష్ణమ్మ ఇంటికొచ్చాడు. ఇటు పోతూ ఆగానన్నాడు. ఆమె పొంగిపోయింది. హుస్సేనీ ఆలం పెద్దింటి పిల్లాడు తన గడప తొక్కి, చాప మీద కూర్చుని, తను కలిపిన మజ్జిగ తాగుతుంటే ఆమెకు గల్లీ అంతా పిలిచి చూపించాలనిపించింది.

"అమ్మా, ఎల్లేష్‌కు పానం బాగలేదా?" అన్నాడు శ్రీనాథ్. "షెడ్డుల ఏం తింటలేడు. మొన్న అందరికి బిర్యానీ తెప్పిస్తే చెయ్యి గూడ పెట్టలే. నాకైతే ఫికరైతుంది."

ఆ ఫికర్ అన్న మాటకు కృష్ణమ్మ కరిగిపోయింది. మొత్తం చెప్పేసింది. చెప్పి ఊరుకున్నా బాగుండేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు కదా, ఈమె పనిగట్టుకుని పూజారి ఇంటి పిల్లాడినే అడిగింది.

"మీ ఇంట్ల తాతల సంది గుడి సేవ ఉండె. నీకు తెలుస్తది బిడ్డా. మేం ఒక్కపొద్దు మంచిగనే ఉంటున్నమా?"

శ్రీనాథ్ గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దుమీకి తినే ఆ ఒక్కపూట ఏం తింటున్రు?"

"ఇంత అన్నం, పప్పు."

"ఉప్పేసుకుంటున్రా?"

"ఏసుకుంటున్నం."

అతను నాలుక చప్పరించాడు. చేతికి పసుపు అంటని ఆడదాన్ని చూసి పెద్ద ముత్తయిదువ చప్పరించినట్టు చప్పరించాడు. "మా ఇండ్లల్ల గట్ల ఒప్పుకోరమ్మా. అన్నం, ఉప్పు ముట్టినంక ఇంకేం ఒక్కపొద్దు? నువ్వు పెద్దదానివి, నీకు మాఫ్. గెలవాలనుకునేటోడు పాలు, పండ్ల మీదనే ఉండాలె. రేసు దినమైతే ఆఖరి జెండా ఊపేదాక మంచినీళ్లు గూడ ముట్టొద్దు. ఇంత దూరమొచ్చి సగం మొక్కు చేస్తే అమ్మవారు ఊకుంటదా?"

కృష్ణమ్మ తెలియక ఇన్నాళ్లు తప్పు చేశానని చెంపలు వేసుకుంది. శ్రీనాథ్ లేచి వెళుతూ గడప దగ్గర ఆగాడు. "నేను చెప్పిన్నని వానికి చెప్పకు. నవ్వుతడు. మీ గుడి అయ్యగారు చెప్పిండని చెప్పు."

ఆమె అట్లాగే చెప్పింది. ఎల్లేష్ తల పట్టుకున్నాడు. "ఏందే అమ్మా, పాలు తాగి కారు తోలాల్నా?" అన్నాడు. ఆమె ఆ పూట తనూ అన్నం మానేసి గోడకు తిరిగి పడుకుంది. మర్నాటి నుంచి వాడు పాలూ అరటిపండ్లతోనే గడిపాడు.

పది రోజులయ్యేసరికి కడుపు వీపుకంటుకుంది. బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. వాడికి మాత్రం లోలోపల హుషారుగానే ఉంది, ఒంట్లో బరువు తగ్గితే బండి ఇంకా ఉరుకుతుందని. ఇక్కడే ఉంది తిరకాసు. ఈ రేసుల్లో కారూ, అందులో కూర్చున్న మనిషీ కలిపి ఇంత బరువుకు తగ్గకూడదని కొలత ఉంటుంది. రేసు అయ్యాక ఇద్దరినీ కలిపి కాంటా ఎక్కిస్తారు. మనిషి బక్కవాడైతే, తక్కువైన మేరకు కారు అడుగున ఇనుప దిమ్మెలు బిగించుకోవాలి. ఎక్కువ బిగిస్తే కారు మందగిస్తుంది. అందుకని టీము ఇంజినీరు అభిజ్ఞ, నెల కిందట డ్రైవర్లను తూచి, ఆ లెక్కకు కొలత మీద కాస్తే మిగిలేట్టు దిమ్మెలు బిగించింది.

ట్రాకుకు బయలుదేరే ముందు ఆమె అడిగింది కూడా. "ఎల్లేష్, దిమ్మెలు మార్చాల్నా? అప్పటి బరువే ఉన్నవా?"

మొక్కు సంగతి చెప్పనని వాడు తల్లికి ఒట్టేశాడు. కాదంటే ఎందుకని అడుగుతుంది. "అంతే ఉన్న మేడం," అన్నాడు. వెనక టైరు గాలి చూస్తున్న శ్రీనాథ్ తలెత్తలేదు.

శనివారం ఊరి బయట ట్రాకు మీద, ఎవరు ఏ వరుసలో నిలబడాలో తేల్చే పరుగు. ఎల్లేష్ అందరికన్నా ముందు నిలిచాడు. ఆ రోజు కాంటా ఎక్కించినా, ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉండడంతో తేడా బయటపడలేదు. విఠల్‌రావు వాడి భుజం తట్టి, సీజనుకు సూటు మీద పేరు కుట్టించుకోమన్నాడు. కొడుకు వెంట వచ్చి కంచె అవతల నిలబడ్డ కృష్ణమ్మ ఆ మాట విన్నది. ఆ సంబరంలో ఆమె మైసమ్మకు ఒక కోడిని కూడా మొక్కేసింది.

ఆదివారం ఎండ నిప్పులు చెరిగింది. ఆమె నీళ్ల సీసా, అరటిపండ్లు ఒళ్లో పెట్టుకుని కంచె దగ్గర కూర్చుంది. లోపల కొడుకు పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టలేదు. దట్టమైన సూటు, నెత్తిన హెల్మెట్, అద్దాలు మూసిన కారు. ఏ తల్లయినా ఆ పూట మొక్కునూ అమ్మవారినీ పక్కన పెట్టి నీళ్లు తాగించేది. కృష్ణమ్మ తాగించలేదు, ఇంకొక్క గంటే కదా అనుకుంది. అట్లా అనుకున్నందుకు ఆమెను తిట్టాలనిపిస్తుంది. కానీ చిన్నప్పటి నుంచి ఎవరో ఒకరు చెప్పిన నియమం మీదే బతుకీడ్చిన మనిషికి, నియమం తప్పడం ఎట్లాగో ఎవరు నేర్పారు గనక.

రేసు మొదలైంది. ఎల్లేష్ మొదటి మలుపు నుంచే ముందున్నాడు. శ్రీనాథ్ రెండో స్థానంలో వెంటబడ్డాడు గానీ, దగ్గరికి రావడానికి పెద్ద యాతన కూడా పడలేదు. చివరి చుట్లలో ఎల్లేష్ కారు రెండుసార్లు గీత దాటి మట్టిలోకి దిగి మళ్లీ ఎక్కింది. వాడికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయని ఎవరికీ తెలియదు. అయినా జెండా వాడికే ముందు ఊపారు. కృష్ణమ్మ కంచె పట్టుకుని ఏడ్చింది. ఎల్లప్ప ఉంటే చూసేవాడని ఏడ్చింది.

నీళ్ల సీసా పట్టుకుని పరుగెత్తితే అధికారి ఆపాడు. ముందు కాంటా అన్నాడు. కొడుకు కార్లో కూర్చునే కాంటా ఎక్కాడు. అధికారి అంకె చూశాడు. కారును దింపి మళ్లీ ఎక్కించాడు. మళ్లీ చూశాడు. రెండు కిలోలు తక్కువ.

అభిజ్ఞ వాడిని కిందికి దింపి ఒక్కడినే తూయించింది. నెల కిందటి ఎల్లేష్‌కూ, ఈ ఎల్లేష్‌కూ చంటిపిల్లంత బరువు తేడా ఉంది.

"బరువు తగ్గిన్నని ఎందుకు చెప్పలే?" అంది. వాడు తల్లి వైపు చూశాడు. కృష్ణమ్మే మొక్కు సంగతి బయట పెట్టింది, చేతులు జోడించి, తప్పు తనదేనని, పిల్లాడి గెలుపు పిల్లాడికి ఇచ్చెయ్యమని. అధికారికి ఆమె మాటలు సగమైనా అర్థమైనట్టు లేదు. అయినా చేసేదేమీ లేదు. ఎల్లేష్ పేరు కొట్టేశారు. రెండో స్థానంలో ఉన్న శ్రీనాథ్ మొదటివాడయ్యాడు.

విఠల్‌రావు కాంటా మీది అంకె తనే ఒకసారి చూసుకున్నాడు. "నేనన్న మాట నేను తప్పేటోన్ని కాదు. ఒంటి బరువు దాచిపెట్టినోనికి కారెట్లిస్త? ఎల్లేష్, రేపటి సంది పానా పట్టుకోని శ్రీనాథ్ బండి చూసుకో," అని వెళ్లిపోయాడు.

మెడలో దండ పడ్డాక శ్రీనాథ్ నేరుగా కృష్ణమ్మ దగ్గరికొచ్చాడు. ఫోటోలు తీసేవాళ్లు వెంట ఉన్నారు. వంగి ఆమె కాళ్లు ముట్టుకున్నాడు. లేస్తూ ఆమెకు మాత్రమే వినబడేట్టు అన్నాడు. "ఇగ ఉప్పెయ్యొచ్చమ్మా. మొక్కు తీరింది."

అప్పుడు తెలిసింది ఆమెకు. తల మీద నుంచి కాళ్ల దాకా ఒకేసారి తెలిసింది. ఫోటోల వాళ్లు దీవించమంటున్నారు. ఆమె చెయ్యి వాడి నెత్తి మీద ఉంది. దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా చేతకాలేదు.

ఆమె బస్సులో ఇల్లు చేరింది. కొడుకు టీము వ్యాన్లో షెడ్డుకు పోయి, సామాను దించి దీపాల వేళకు వచ్చాడు. ఆమె వేడి అన్నం వండి, తాలింపు పప్పు చేసి, ఇద్దరికీ కంచాలు పెట్టింది. వాడు ఆబగా తింటున్నాడు. నాలుగు ముద్దలు దిగేదాకా ఆగి, శ్రీనాథ్ ఇంటికి రావడం, తను అడగడం, అతను నియమాలు చెప్పడం అంతా చెప్పింది. చెప్పి, కంచం విసిరి కొడతాడేమో, తనను కొడతాడేమోనని చూసింది. కొట్టినా బాగుండుననుకుంది.

"నాకెర్కే," అన్నాడు ఎల్లేష్ తలెత్తకుండా. "వ్యాన్ల వచ్చేటప్పుడు ఆయనే చెప్పిండు. ఉప్పు ముచ్చట, అయ్యగారి ముచ్చట, అంత చెప్పిండు. అందరు మస్తు నవ్విన్రు."

"నువ్వు?"

"నేను గూడ నవ్విన."

ఆమె పప్పు గిన్నె వాడి ముందుకు జరిపింది.

"ఏం చెయ్యమంటవే? లొల్లి పెట్టుకుంటే ఆ పానా గూడ పోతది. వాళ్ల షెడ్డు తప్ప నాకేం పని వస్తది? నిన్నెవరు అడగమన్నరు ఆయన్ను? నువ్వు అడిగినవ్, ఆయన చెప్పిండు."

పప్పు కలుపుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. మళ్లీ తనే అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"ఇంకోటుంది. వచ్చే రేసుకు నువ్వు ఒక్కపొద్దు ఉండాలెనంట. ఆయన కోసం. నీ మొక్కు మంచిగ పని చేస్తదని గురి కుదిరిందంట. వ్యాన్ల అందరి ముంగట అడిగిండు."

గోరుచుట్టు మీద రోకటి పోటు అనే మాటను కృష్ణమ్మ అంతకు ముందు ఊరికే వాడేది, అదేమిటో ఇప్పుడు తెలిసింది. "నువ్వేమన్నవ్?" అంది.

"మా అమ్మ ఉంటదని చెప్పిన."

ఆమె వాడి వైపే చూసింది. ఎముకలు తేలిన ఆ మొహంలో సిగ్గు కోసం వెతికింది, కోపం కోసం వెతికింది. ఆకలి తప్ప ఏమీ కనబడలేదు. ఆ ఆకలి తను పెట్టిందే. తన కంచంలో ఇంకా ముట్టని అన్నమంతా తీసి కొడుకు కంచంలో వేసింది.

"ఎప్పటి సంది ఉండాలెనంట బిడ్డా?" అని అడిగింది.