కడచూపుకు దారి

వాన మళ్లీ మొదలయ్యేలోగా మా తమ్ముడు సుబ్బరాయుడి శవాన్ని ఎత్తాలని పెద్దలు తొందరపెడుతున్నారు. అమ్మ ఇంకా వాడి ముఖం చూడలేదు. నా భార్యతో హిందూపురం నుంచి కారులో బయలుదేరింది. పెనుకొండ దగ్గర వంక పొంగి రోడ్డు కోసుకుపోవడంతో అక్కడే ఆగిపోయింది.

ధర్మవరంలో గాలివానకు కరెంటు పోయి టవర్లన్నీ మూగబోయాయి. తమ్ముడి కూతురు యామిని పనిచేసే కంపెనీ ఎదురింటి మిద్దె మీద ప్రయోగానికి పెట్టిన చిన్న టవరు ఒక్కటే బ్యాటరీతో నడుస్తోంది. దాన్ని అందుకోగల ఫోను యామిని చేతిలో ఉంది. అందులో చార్జింగు అడుగంటింది.

వీడియోలో అమ్మ కనిపించింది. "యాడ నా కొడుకు?" అంది.

చార్జింగు మిగలాలని నేను ఫోను తీసుకుని పొదుపు మోడ్ నొక్కాను. అంతలో మేనత్త జయలక్ష్మమ్మ ఏడుస్తూ వచ్చి వీధివైపు ఫోనుకు అడ్డంగా నిలబడింది. అమ్మ బొమ్మ కదలకుండా ఆగిపోయింది.

"ఏం చేసినావు పెద్దనాయనా?" అంది యామిని. "ఈ సిగ్నలు టార్చిలైటు మాదిరి సన్నగా వస్తాది. మనిషి అడ్డమొస్తే తెగిపోతాది. ఫోను ఇంకో దారి ఎతుక్కోవాల. పొదుపులో పెడితే నిద్రపోతా, ఎప్పుడో లేచి ఎతుకుతాది."

"తీసేద్దామా?"

"తీస్తే ఊరికే ఎతుకుతానే ఉంటాది. రెండు నిమిషాల్లో చస్తాది."

ఆ మాట అన్నాక ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఫోను కదలకుంటే? ఎవురూ అడ్డం రాకుంటే?" అని అడిగాను.

"అట్లయితే ఎతికే పనే ఉండదు. పొదుపులోనే నడుస్తాది."

వసారాలో తమ్ముడి తల దగ్గర పీట వేసి, ఫోనును చెంబుకు ఆనించాను. వీధివైపు నిలబడ్డవాళ్లతో, "అందరూ కూర్చోండి. నడుమ ఎవరూ లేవకండి" అన్నాను.

"ఏమప్పా, సావింట్లో గూడా బడి పెడితివా?" అంది మేనత్త. అని, అందరికంటే ముందు తనే కూర్చుంది.

చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత ఫోను మేలుకుంది. అమ్మ కదిలింది.

అప్పుడే కనగానపల్లి నుంచి తమ్ముడి భార్య వాళ్ల అక్క వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఎదురెళ్లి, పట్టుకుని ఏడవడం మా ఆడవాళ్ల పద్ధతి. మేనత్త మోకాళ్ల మీద లేచింది. యామిని ఆమె కొంగు పట్టుకుంది. మేనత్త మళ్లీ కూర్చుంది. వచ్చినామె గోడ పక్కనే నిలబడి, చేతులు చాచి, ఒంటరిగా ఏడ్చింది.

అమ్మ కొడుకును తేరిపార చూసింది.

"గడ్డం మాసిండాదే. గీయించల్యా నాయనా?"

నేను జవాబు చెప్పేలోగా ఫోను ఆరిపోయింది. పెద్దలు పాడె అందుకోబోయారు. వాళ్లను ఆగమని, బ్లేడూ నీళ్లూ తెమ్మన్నాను.