ఆర్సీ పుస్తకంలో పేరు

వాసంతి హైదరాబాదు వచ్చి పది నెలలయింది. ఈ పది నెలల్లో ఆమె చెవిన పడ్డ మాటల్లో ముప్పాతిక వంతు అమెరికా డాక్టర్లవే.

హైటెక్ సిటీలో కొత్తగా కట్టిన గుండ్రటి మేడలో, నాలుగో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. అక్కడెక్కడో ఒక డాక్టరు తన రోగి గురించి చెప్పి పంపిన మాటల్ని హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినాలి. విన్నది తప్పుల్లేకుండా టైపు చెయ్యాలి. పక్క కుర్చీల్లో పాతికేళ్ళయినా నిండని పిల్లలు, వాళ్ళ చెవులకూ హెడ్‌ఫోన్లే. భోజనాల దగ్గర మాత్రం "మేడం, రండి" అని కాస్త జరిగి చోటిచ్చి, మళ్ళీ తమ కబుర్లలో పడిపోయేవారు.

అంతకుముందు ఏలూరులో పదమూడేళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పింది. విడాకులయ్యాక ఆ ఊళ్ళో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ జాలిగా పలకరించడం భరించలేక వచ్చేసింది. ఇక్కడ ఆ బాధ లేదు. పలకరించేవాళ్ళే లేరు.

హఫీజ్‌పేట్‌లో ఆమెది అద్దె ఇల్లు. పొద్దున ఏడింటికల్లా ఆఫీసులో ఉండాలి. ఆ వేళకు ఆటోలు దొరకవు, బస్సు వస్తే వచ్చినట్టు. బండరాళ్ళ మధ్య మట్టిరోడ్డు మీద నాలుగైదుసార్లు నడిచి వెళ్ళాక, ఇక కారు కొనాల్సిందే అనుకుంది. నెల రోజులు డ్రైవింగ్ నేర్చుకుని, బాలానగర్‌లో పాత కార్లు అమ్మే గోవిందప్ప దగ్గరికి వెళ్ళింది.

గోవిందప్ప ఒక చిన్న తెల్లకారు చూపించి, దాని బానెట్ మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"లేడీ డాక్టరు నడిపిన బండి మేడం. ఇల్లు, ఆసుపత్రి, మళ్ళీ ఇల్లు. అంతే. గీత కూడా పడలేదు చూడండి."

"నా పేరు మీదికి ఎప్పుడు మారుతుంది?"

"పది రోజుల్లో. మీరేం ఫికర్ చేయకండి."

మొదటి ఆదివారం ఏ పనీ లేకపోయినా పటాన్‌చెరు దాకా వెళ్ళొచ్చింది. దారిలో ఒకచోట గొర్రెలమంద అడ్డం వస్తే ఆగి, హారన్ కొట్టడం మర్చిపోయి వాటిని చూస్తూ పైకే నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్న తన నవ్వు తనకే కొత్తగా అనిపించింది.

రెండోవారం నుంచి బ్రేకు వేసినప్పుడల్లా కారు ఎడమకు లాగడం మొదలయింది. గోవిందప్పకు ఫోన్ చేస్తే, "కొత్తగా నేర్చుకున్నారు కదా మేడం, చెయ్యి కుదరాలి" అన్నాడు. వాసంతి నమ్మింది. తప్పు తనదే అనుకోవడం ఆమెకు ముందునుంచీ అలవాటు.

ఒకరోజు పొద్దున్నే కొండాపూర్ దగ్గర గేదె ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. వాసంతి గట్టిగా బ్రేకు తొక్కింది. కారు గిర్రున ఎడమకు తిరిగి కంకరకుప్పలోకి దూసుకుపోయి ఆగింది. దెబ్బలేం తగల్లేదు. రోడ్డుపని చేస్తున్న ఒకామె తట్ట కిందపడేసి పరుగెత్తుకొచ్చింది. వాసంతిని దింపి కూర్చోబెట్టి, తన సీసాలోని నీళ్ళు తాగించింది.

"ఎవలికన్న ఫోన్ చేయాల్నా అమ్మా? మీ ఇంటోళ్ళ నంబర్ చెప్పు, మా మేస్త్రీ చేస్తడు."

వాసంతి ఆలోచించింది. ఎంత ఆలోచించినా ఒక్క పేరూ తట్టలేదు.

"ఎవరూ లేరమ్మా" అంది. అనేశాక, అన్నది ఎంత నిజమో తెలిసింది. ఆ మనిషి మేస్త్రీ పనిలోకి పిలిచేదాకా పక్కనే కూర్చుంది.

కారును బాలానగర్‌లోనే ఉన్న కొమురయ్య షెడ్డుకు లాక్కెళ్ళారు. కొమురయ్య పాతికేళ్ళుగా అక్కడ మెకానిక్కు. గంటసేపు కిందా మీదా చూసి, లోపల పరిచిన మ్యాట్లు ఎత్తి, ఆమెను పిలిచాడు.

"జర ఇటు రాండ్రి మేడం. గిది చూడుండ్రి."

సీట్ల కింద, కారు అడుగురేకు మీద ఈ చివరినుంచి ఆ చివరికి లావుపాటి అతుకు ఉంది.

"ఇది ఒక్క బండి గాదు. ఎనక సగం ఒక బండిది, ముంగట సగం ఇంకో బండిది. నడిమిట్ల వెల్డింగ్ పెట్టి అతికిచ్చిన్రు. అందుకే గిట్ల గుంజుతున్నది."

"బాగు చెయ్యలేమా?"

"బ్రేకులు జరంత సదురుత. అతుకునేం చేస్త? పెద్ద యాక్సిడెంట్ అయిన బండి. ఇరవై స్పీడు దాటి నడపకుండ్రి."

వాసంతి వెళ్ళి అడిగితే గోవిందప్ప మొహం మార్చకుండా విన్నాడు. "నాకెట్ల తెలుస్తుంది మేడం? నేను కొన్నట్టే అమ్మినాను. లేడీ డాక్టరు బండి అని నాకూ ఎవరో చెప్పినారు" అని, ఇంకో కారు చూడ్డానికి వచ్చిన దంపతుల వైపు తిరిగాడు.

ఆ సాయంత్రం వాసంతి ఆర్సీ పుస్తకం తీసింది. అది ఇంకా పాత యజమాని పేరు మీదే ఉంది. రామ్మోహనరావు, బాచుపల్లి. డాక్టరూ కాదు, ఆడమనిషీ కాదు. ఈయనే గోవిందప్పతో కలిసి మోసం చేశాడనుకుని, అడగాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకుంటూ ఆదివారం పొద్దున ఆ కారులోనే మెల్లగా బాచుపల్లి వెళ్ళింది.

గేటు తీసినాయనకు అరవయ్యేళ్ళుంటాయి. ఆమె నోరు తెరిచేలోగానే ఆయన చూపు నంబరు ప్లేటు మీద పడింది. గేటు ఊచను గట్టిగా పట్టుకున్నాడు.

"ఈ బండి... దీన్ని తుక్కుకి ఇచ్చేశానండీ. ముక్కలు చేసేశామని చెప్పారే!"

వాసంతి పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

లోపల కూర్చోబెట్టి ఆయనే చెప్పాడు. ఆయన భార్య రత్నమాలకు యాభై దాటాక డ్రైవింగ్ మీద మనసు పుట్టింది. నర్సాపూర్ రోడ్డు మీద ఆమె నడుపుతుంటే, నేర్పే అతను పక్కన కూర్చున్నాడు. ఈయన వెనక సీట్లో ఉన్నాడు. లారీ ఎదురుగా వచ్చి కొట్టింది.

"ముందున్న ఇద్దరూ పోయారండి. నాకు మాత్రం చెయ్యి విరిగింది, అంతే. తుక్కువాడు ఏవో కాగితాలిచ్చి సంతకాలు పెట్టమన్నాడు. అప్పుడు ఏం చదివే స్థితిలో ఉన్నాను?"

ఆయన ఒకసారి బయటికెళ్ళి కారు వెనకతలుపు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. లోపల కూర్చుంటాడేమో అనుకుంది వాసంతి. ఆయన కూర్చోలేదు. తిరిగొచ్చి బీరువాలోంచి ఒక కాగితం తీశాడు. ఈ బండి ఇక రోడ్డు మీదికి పనికిరాదని ఇన్సూరెన్సు వాళ్ళు రాసిచ్చిన కాగితం అది.

"పదండి. ఎవరతను? నేను మాట్లాడతాను."

ఆమె కారులో, ఆయన ఆటోలో వెళ్ళి నిలదీస్తే గోవిందప్ప ముందు దబాయించాడు. కాగితం చదివాక కుర్చీలు వేయించాడు. పోలీసుల మాట రాగానే టీ తెప్పించాడు.

"ఎందుకు మేడం ఇంత దూరం? బండి నాకిచ్చేయండి. మీ డబ్బంతా మీకిచ్చేస్తా."

వాసంతికి ఒక్క క్షణం గుండె తేలికపడింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది.

"తీసుకుని ఏం చేస్తారు?"

"అది నా యాపారం మేడం. మీకెందుకు?"

అద్దాల అవతల, వరసగా నిలబెట్టిన కార్ల మధ్య ఒక కుటుంబం తిరుగుతోంది. వాళ్ళమ్మాయి ఒక్కో కారు దగ్గరా ఆగి లోపలికి తొంగిచూస్తోంది. వాసంతి వాళ్ళ వైపు చూస్తూనే అంది.

"సగం డబ్బు చాలు. బండిని మాత్రం ఇవాళే, నా కళ్ళముందే కోయించాలి. ఇనుము మీరే తీసుకోండి."

గోవిందప్ప విస్తుపోయి రామ్మోహనరావు వైపు చూశాడు. ఆయన తలవంచుకుని ఉన్నాడు. "ఒప్పుకోండి" అన్నాడు మెల్లగా.

కొమురయ్య షెడ్డు వెనక ఖాళీస్థలంలో గ్యాస్ కట్టర్‌తో కోశారు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే గంటన్నర పట్టింది. అతుకు దగ్గర తేలిగ్గా తెగింది. ఆ తర్వాత ఒక్కో ముక్కా ఇనుప చప్పుడుతో కిందపడింది. కొమురయ్య నంబరు ప్లేటు విప్పి ఎవరికివ్వాలో తెలియక ఇద్దరినీ చూశాడు. ఇద్దరూ చెయ్యి చాపలేదు. ఆర్సీ పుస్తకం రవాణా ఆఫీసుకు పంపించి రద్దు చేయించుకుంటానని మాత్రం రామ్మోహనరావు దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. వాసంతికి ఆకలేస్తోంది. ఆ పక్కనే ఒక హోటలుంది. ఈయనతో కూర్చుని నాలుగు ఇడ్లీలు తింటే బావుండుననిపించింది. ఇన్ని నెలల్లో ఒక మనిషితో ఒక పగలంతా గడపడం ఇదే మొదటిసారి.

"బాచుపల్లి వైపు ఎప్పుడైనా వస్తే, ఒకసారి వచ్చి కనపడతానండి" అంది.

రామ్మోహనరావు రోడ్డుకేసి చూస్తూ అన్నాడు.

"మీరు చేసింది చాలా పెద్ద పనమ్మా. జీవితంలో మర్చిపోను. కానీ మిమ్మల్ని చూస్తే నాకు ఆ బండే కళ్ళముందుకొస్తుంది. రావద్దు. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అనుకోనండి" అంది వాసంతి.

ఆయన బస్సు ముందు వచ్చింది. ఎక్కాక కిటికీలోంచి రెండుచేతులూ జోడించాడు. ఆమె కూడా జోడించింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత ఒక్కతే హోటల్లోకి వెళ్ళి ఇడ్లీ తిన్నది. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. చేసింది సరైన పనేననే నమ్మకం ఒకటి ఉంది లోపల. అది తోడుండే పాటిది కాదు, కానీ ఉంది.

హఫీజ్‌పేట్‌లో దిగాక ఇంటికి వెళ్ళకుండా చెప్పుల దుకాణానికి వెళ్ళింది. మట్టిరోడ్ల మీద నడవడానికి పనికొచ్చేవి, గట్టి అడుగున్నవి చూపించమంది. రెండు జతలు తొడుక్కుని, దుకాణంలోనే ఆ గోడనుంచి ఈ గోడ దాకా నడిచి చూసుకుంది. రెండోది బాగా కుదిరింది. పాతవి సంచిలో వేసుకుని, కొత్తవి కాళ్ళకు వేసుకునే బయటికి వచ్చింది.